రిస్టోరేషన్ పనిలో కొత్తగా చేరిన తమ్ముళ్లకి: సైట్‌లో పని ఇరుక్కుంటే ఎట్టా ఆలోచించాలి

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లల్లోకి నీళ్లు రావడం కొత్తేం కాదు. 2015 నవంబర్ వానలు చూశాం, 2021 నవంబర్‌లో పెన్నకి వరద వచ్చి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నది చూశాం, 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను కూడా చూశాం. ఇవి గాక పైప్ పగలడం, ట్యాంక్ పొంగడం, కిచెన్‌లో మంటలు ఏడాది పొడుగూ ఉండేవే. ఇట్టా నీళ్లో మంటో పాడుచేసిన ఇళ్లని ఎండబెట్టి, శుభ్రం చేసే ఈ రిస్టోరేషన్ పనిలోకి ఇప్పుడు చాలామంది కుర్రోళ్లు వస్తుండారు, వాళ్లకి తేమ లాగే మిషన్ ఎట్టా ఆన్ చేయాలో నేర్పిస్తారు గానీ మిషన్ తిరుగుతున్నా గోడ ఎండకపోతే అప్పుడేం చేయాలో మాత్రం కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు, అందుకే ఇది రాస్తున్నా.

ఏ సైట్‌కి పోయినా, ఏ సమస్య వచ్చినా నేను అడిగేవి మూడే. నీళ్లు యాడనుంచి వచ్చాయి, యాడిదాకా పోయాయి, ఇప్పుడు ఏ దారిన బయటికి పోతాయి. పని ఇరుక్కుపోయిందంటే ఈ మూడింట్లో ఒకదానికి మన దగ్గర సరైన జవాబు లేనట్టే. కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ప్రాణం సంగతి

వరద తగ్గిన ఇంట్లోకి పోతా పోతా అందరూ మెయిన్ ఆపేశామా అని చూస్తారు, మంచిదే, కానీ మన ఊళ్లలో ఇన్వర్టర్ లేని ఇల్లు తక్కువ. మెయిన్ ఆపినా, అసలు ఊరంతా కరెంట్ లేకపోయినా ఇన్వర్టర్ నుంచి లైట్లకీ ఫ్యాన్లకీ 230 వోల్టులు వస్తానే ఉంటాయి. ఆ లైన్ నీళ్లల్లో మునిగిన బోర్డు గుండా పోతుంటే చెయ్యి పెట్టినోడు మిగలడు. కాబట్టి మెయిన్, ఇన్వర్టర్, పైన సోలార్ ఉంటే అది, మూడూ ఆగినాయని టెస్టర్‌తో చూసుకున్నాకే లోపలికి. మెయిన్ బోర్డే నీళ్లల్లో ఉంటే దాని జోలికే పోకండి, 1912కి ఫోన్ చేసి పోల్ దగ్గర ఆపించండి.

గ్యాస్ సిలిండర్ కొట్టుకుపోయి రెగ్యులేటర్ ఊడిపోయి ఉంటుంది, వాసన చూడండి. మంచం కింద, మూటల వెనక, గూట్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి, వరదకి పాములు ఇంట్లోకే ఎక్కుతాయి. పడమటి వైపు పాత మట్టిగోడల ఇళ్లయితే ఇంకో ప్రమాదం ఉండాది, నీళ్లున్నప్పుడు నిలబడ్డ గోడ నీళ్లు పోయి ఎండేటప్పుడు కూలుతుంది, బయటి నుంచి చుట్టూ తిరిగి పగుళ్లు, వంగుడు చూడకుండా లోపలికి పోవద్దు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండితే ఓనర్లు గబగబా తోడేయమంటారు. అట్టా చేయకూడదు. బయట మట్టి నీళ్లతో నాని గోడని లోపలికి తోస్తుంటుంది, లోపలి నీళ్లు ఆ తోపుడికి ఎదురు నిలబడి ఉంటాయి, ఒక్కసారిగా లోపల ఖాళీ చేస్తే గోడ లోపలికి వచ్చే అవకాశం ఉండాది. రోజుకి మూడో వంతు చొప్పున తోడతా, గోడ మీద గీత పెట్టుకుని రాత్రికి నీళ్లు మళ్లీ పెరిగినాయేమో చూడతా పోవాలి. పెట్రోల్‌తో నడిచే నీళ్ల పంపు, జనరేటర్ సెల్లార్ లోపల పెట్టి నడపొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి కూర్చున్నోడు కూర్చున్నట్టే పడిపోతాడు. సెప్టిక్ ట్యాంక్‌లోకి మాత్రం ఎవరు ఎంత డబ్బిచ్చినా దిగొద్దు, రక్షణ సామాన్లు లేకుండా మనిషిని దించడం, చేతులతో మురుగు ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మూసి ఉన్న సంపు కూడా అంతే, మూత తీసిన ఎంబట్నే తల పెట్టకండి.

యాడనుంచి వచ్చాయి

ఇది ఎందుకు ముందు అడగాలంటే, పని మొత్తం దీన్నిబట్టే మారుతుంది. మంచినీళ్ల పైప్ పగిలి వచ్చిన నీళ్లు ఒక రకం, వాషింగ్ మిషన్ నుంచో బాత్రూం నుంచో వచ్చినవి రెండో రకం, డ్రైనేజీ, వాగు, వరద నీళ్లు మూడో రకం. మూడో రకం నీళ్లు పైకి తేటగా కనిపించినా మురుగు కిందే లెక్క. మొదటి రకం కూడా రెండు మూడు రోజులు నిలవుంటే కింది రకానికి దిగిపోతుంది, అందుకని వచ్చినప్పుడు ఎట్టా ఉన్నాయని కాదు, మీరు పోయే టైంకి ఎట్టా ఉన్నాయని చూడాలి.

వరద నీళ్లు తాగిన దూది పరుపు, సోఫా ఫోమ్, పార్టికల్ బోర్డ్ కబోర్డు, వీటిని కాపాడదామని చూడొద్దు, ఫోటో తీసి ఓనర్ సంతకం తీసుకుని బయట పెట్టేయండి. స్టీలు సామాన్లు, గచ్చు, టైల్స్, సిమెంట్ గోడలు నిలబడతాయి. వాటికి ముందు బురద తీసి, సర్ఫ్ నీళ్లతో రుద్ది కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్. బురద మీద బ్లీచింగ్ చల్లితే దాని శక్తంతా బురదకే ఖర్చయిపోతుంది, క్రిములకి ఏం మిగలదు. మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది కాబట్టి పది లీటర్ల బకెట్‌కి 150 నుంచి 170 గ్రాములు కలిపితే అర శాతం ద్రావణం వస్తుంది, నేలకి గోడకి అది చాలు, కొట్టినాక పది నిమిషాలైనా తడిగా ఉండనివ్వాలి. అదే టైంలో ఇంకొకడు బాత్రూంలో యాసిడ్ పోస్తుంటే ఆపండి. రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు, ఇద్దరూ ఒకే బకెట్, ఒకే చీపురు వాడినా ప్రమాదమే.

యాడిదాకా పోయాయి

నేల మీద నీళ్లు తుడిచేస్తే పనైపోయిందనిపిస్తుంది. కానీ నీళ్లు స్కర్టింగ్ టైల్ వెనక, కిచెన్ గట్టు కింద, కడప బండల కింద ఇసకలో, తలుపు గుమ్మం లోపల కూర్చుని ఉంటాయి. బండ మీద కాలు వేసి గట్టిగా నొక్కితే సందులో నీళ్లు ఊరతాయి. టైల్‌ని రూపాయి బిళ్లతో కొట్టి చూడండి, బొళ్లుగా మోగిన చోట కింద ఖాళీ ఉన్నట్టు, ఆ ఖాళీలోకి నీళ్లు దిగి ఉండొచ్చు.

మాయిశ్చర్ మీటర్, అంటే గోడ తడి తెలుసుకోడానికి పెట్టే మీటర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఏరియాలో కొత్తోళ్లందరినీ తికమక పెట్టేది ఇదే. సూదుల మీటర్ గోడలో నీళ్లని కొలవదు, రెండు సూదుల మధ్య కరెంట్ ఎంత సులువుగా పోతుందో కొలుస్తుంది. గోడలో ఉప్పుంటే కరెంట్ ఇంకా సులువుగా పోతుంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లు, ఉప్పు బోరు నీళ్లతో కట్టిన ఇళ్లు, వీటిలో ఎండిన గోడ కూడా తడి గోడ లాగే రీడింగ్ ఇస్తుంది. ఇంకో సంగతి, మీటర్ మీద కనిపించే శాతం చెక్కకి సంబంధించింది, ఇటుక గోడ మీద ఆ అంకెని శాతంగా నమ్మకండి, పోల్చి చూసుకోడానికి మాత్రమే పనికొస్తుంది. అందుకే పోయిన ఎంబట్నే అదే ఇంట్లో నీళ్లు తగలని గది, మేడ మీద గది అయితే ఇంకా మంచిది, అదే రకం గోడ మీద రీడింగ్ తీసి రాసుకోండి. అదే మీ గురి. తడి గోడ ఆ అంకె దగ్గరికి వస్తే ఎండినట్టు.

రీడింగ్ మీద అనుమానం వస్తే పాలిథిన్ కవర్ పరీక్ష చేయండి. అడుగున్నర చదరం కవర్ తీసుకుని నాలుగు పక్కలా గాలి దూరకుండా టేప్ వేసి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే గోడ వైపు చెమ్మ పట్టి ఉంటే గోడ లోపల్నించి వస్తున్నట్టు, గది వైపు పట్టి ఉంటే గదిలో గాలిదే ఆ తేమ, రెండు వైపులా పొడిగా ఉండి మీటర్ మాత్రం అరుస్తుంటే చాలావరకు ఉప్పే. ఖర్చు లేని పరీక్ష, చేసేవాళ్లు మాత్రం తక్కువ. థర్మల్ కెమెరా ఉంటే వాడండి, కానీ అది చూపించేది చల్లదనాన్ని, నీళ్లని కాదు. నీలం మచ్చ కనిపించిన చోట మీటర్ పెట్టి ఖాయం చేసుకోకుండా గోడ పగలగొట్టొద్దు.

ఏ దారిన బయటికి పోతాయి

కిటికీలు తెరిచి ఫ్యాన్లు పెట్టేస్తే ఎండిపోతుందని ఇంట్లోవాళ్లు అంటారు, ఎండాకాలంలో అది నిజమే, తుఫాను రోజుల్లో కాదు. లెక్క చూడండి. మే నెలలో 40 డిగ్రీల ఎండ, 25 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకి సుమారు 13 గ్రాముల నీళ్లు ఉంటాయి, ఇంకో 38 గ్రాములు తాగగలదు. నవంబర్ ముసురులో 27 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న గాలిలో అప్పటికే 23 గ్రాములు ఉంటాయి, ఇంక మూడు గ్రాములు కూడా తాగలేదు. ఆ గాలిని లోపలికి పిలిచి గోడ ఎండమంటే యాడ ఎండుతుంది. కాబట్టి మేలో కిటికీలన్నీ తెరిచి పడమర గాలిని ఆడనివ్వండి, మిషన్ కూడా అక్కర్లేదు చాలాసార్లు. ముసురులో కిటికీలు, తలుపు కింద సందు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బొక్క అన్నీ మూసేసి డీహ్యుమిడిఫైయర్ (గాలిలో తేమ లాగే మిషన్) పెట్టాలి. అది లేకపోతే ఏసీని డ్రై మోడ్‌లో వేసి దాని డ్రెయిన్ పైప్ కింద బకెట్ పెట్టండి, ఎంత నీళ్లు లాగిందో మీకే కనిపిస్తుంది. మూసిన గదిలో ఒట్టి ఫ్యాన్లు మాత్రం పెట్టొద్దు, గోడలో నీళ్లు గాలిలోకి వచ్చి తడవని గోడకీ, బీరువాలో బట్టలకీ పడతాయి. బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, గదిలో తేమ 60 శాతం దిగువకి తేవాలి, 50 దాకా తెస్తే ఇంకా మంచిది.

డీహ్యుమిడిఫైయర్ బకెట్‌లో నీళ్లు పడట్లేదని కొత్తోళ్లు ఎంబట్నే మిషన్ పాడైందని ఫోన్ చేస్తారు. ముందు ఇవి చూడండి. గది నిజంగానే ఎండిపోయిందేమో గాలిలో తేమ చూపించే మీటర్ చూడండి. లోపల తేమ, బయట తేమ ఒకటే ఉంటే యాడో గాలి దూరుతున్నట్టు, మీరు ఊరంతటినీ ఎండబెడుతున్నట్టు. ఫిల్టర్ బురద దుమ్ముతో మూసుకుపోయిందేమో, కాయిల్ మీద మంచు కట్టిందేమో, పక్కనే ఏసీ వేసి గదిని మరీ చల్లగా పెట్టారేమో. ఇవన్నీ సరిగ్గా ఉంటే వోల్టేజ్ చూడండి, పల్లెల్లో సాయంత్రం పూట మోటార్లు నడిచేటప్పుడు వోల్టేజ్ పడిపోతుంది, కంప్రెసర్ ఎత్తుకోదు, ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటుంది కాబట్టి మిషన్ నడుస్తున్నట్టే కనిపిస్తుంది. చెవి పెట్టి కంప్రెసర్ శబ్దం వినండి.

ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే లైన్ ఆపేసే స్విచ్) పదే పదే పడిపోతుంటే దాన్ని బలవంతంగా పైకి పట్టుకోవడం, బైపాస్ చేయడం ఎవరైనా చెప్పినా చేయొద్దు, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే పడిపోయే ఆ చిన్న స్విచ్చే మిమ్మల్ని బతికిస్తుంది. అన్ని ఎంసీబీలూ (ఒక్కో లైన్‌కి ఉండే స్విచ్‌లు) కిందికి దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కో ఎంసీబీ ఎత్తతా రండి, ఏది ఎత్తితే పడిందో ఆ లైన్లో తడి ఉన్నట్టు. దాన్ని దించి వదిలేసి ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (వైర్ ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటర్) పెట్టి చూసేదాకా ముట్టుకోవద్దు, మీ మిషన్లకి కరెంట్ తడవని మేడ మీద నుంచి తెచ్చుకోండి.

నాలుగు రోజులైనా ఒక గోడ రీడింగ్ మాత్రం దిగకపోతే

కోవూరులో ఒక ఇల్లనుకోండి, హాల్‌లో మూడు గోడల రీడింగ్ రోజురోజుకీ దిగుతుంది, నాలుగో గోడది మాత్రం మొదటి రోజు అంకె దగ్గరే కూర్చుంది. ఇంకో మిషన్ తెచ్చి పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి, మళ్లీ మొదటి ప్రశ్నకి పోండి, ఆ గోడకి నీళ్లు ఇంకా యాడనుంచో వస్తున్నాయి.

అడుగు నుంచి మొదలుపెట్టి ప్రతి అరడుగుకీ పైకి రీడింగ్ తీయండి. కింద బాగా ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గతా మూడడుగుల దగ్గర ఆగిపోయి, అక్కడ అలల్లాగా గీత, దాని మీద తెల్లగా ఉప్పు ఉంటే అది నేలనుంచి ఎక్కే నెమ్ము, వరదకి ముందు నుంచీ ఉన్నదే. పాత ఇళ్లకి పునాది మీద నెమ్ము ఆపే పొర వేయని చోట ఇట్టా ఉంటుంది. దీన్ని మన మిషన్ ఆపలేదు, ఆ మాట ఓనర్‌కి మొదటి రోజే చెప్పాలి, మిషన్ అద్దె లాగతా కూర్చోడం అన్యాయం. ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయండి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

గోడ మధ్యలో మచ్చలాగా ఎక్కువుండి కింద తక్కువుంటే వెనక బాత్రూం ఉందేమో, పైప్ పోతుందేమో చూడండి. రాత్రి అందరూ పడుకునేటప్పుడు కుళాయిలన్నీ కట్టేసి పైన ట్యాంక్‌లో నీటి మట్టానికి గీత పెట్టండి, మోటర్ వేయొద్దని చెప్పండి, పొద్దున దిగి ఉంటే సప్లై లైన్ లీకు. దిగకపోతే డ్రెయిన్ వైపు అనుమానం, బాత్రూం నేలలో రంగు నీళ్లు పోసి అవతల రంగు వస్తుందేమో చూడండి. స్లాబ్ కింద నుంచి మొదలై కిందికి కారుతుంటే, వాన పడిన మర్నాడు పెరుగుతుంటే మిద్దె మీదిది.

ఈ మూడూ కాకపోతే గోడ పైపూతని చూడండి. లప్పం, దాని మీద ప్లాస్టిక్ పెయింట్ వేసిన గోడ చెమ్మని బయటికి రానివ్వదు, రెయిన్‌కోట్ తొడిగిన మనిషికి చెమట ఆరనట్టు. గీకి చూడండి, ఒక చదరపు అడుగు గీకి మర్నాడు అక్కడ రీడింగ్ దిగితే దొరికింది కారణం, ఓనర్‌ని అడిగి మిగతాది గీకండి. ఎట్టాగూ నానిన లప్పంలో బూజు పడుతుంది కాబట్టి తీయాల్సిందే, ఎన్95 మాస్క్ పెట్టుకుని తడిపి గీకండి, పొడిగా సాండ్ పేపర్ కొడితే బూజు గింజలు ఇల్లంతా లేస్తాయి. పాత సున్నం గోడలకి మాత్రం వాటర్‌ప్రూఫ్ పెయింట్, సిమెంట్ పూత సలహా ఇవ్వొద్దు, ఆ గోడ గాలి పీల్చుకుంటేనే బతుకుతుంది.

చెక్క, కాగితాలు

టేకు తలుపు ఉబ్బి పడట్లేదని ఓనర్ వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించేస్తాడు. ఆపండి. ఎండినాక అది సన్నబడుతుంది, అప్పుడు సందు వస్తుంది, మళ్లీ కొత్త తలుపు ఖర్చు. ఫ్యాన్ గాలి నేరుగా తలుపు మీదికి పెట్టొద్దు, ఒక పక్క ఎండి ఒక పక్క తడిగా ఉంటే మెలి తిరుగుతుంది.

పొలం పాస్‌పుస్తకాలు, ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు తడిస్తే వాటి గురించి ఇంట్లో ఆడోళ్లు ఏడ్చేది చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఫర్నిచర్ కన్నా ముందు వాటిని అడగండి. అతుక్కున్న పేజీలని లాగొద్దు. ఆ రోజే ఆరబెట్టలేకపోతే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి తడవని ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టించండి, గడ్డకట్టినన్నాళ్లు బూజు పెరగదు, తర్వాత తీరిగ్గా ఒక్కోటి ఆరబెట్టుకోవచ్చు. ఆల్బం ఫోటోలైతే శుభ్రమైన నీళ్లల్లో ముంచి తీసి బొమ్మ పైకి ఉండేట్టు పరచండి.

మంట తర్వాత

మసి కనిపించగానే తడిగుడ్డ తీయడం అందరూ చేసేదే, దాంతో మసి పెయింట్‌లోకి ఇంకిపోయి ఇంక రాదు. ముందు వాక్యూమ్, తర్వాత మసి తీసే పొడి రబ్బర్ స్పాంజ్‌తో ఒకే దిక్కుకి, ఒకదాని పక్కన ఒకటిగా లాగాలి, స్పాంజ్ నల్లబడ్డ ముఖం కోసేసి కొత్త ముఖంతో. సబ్బు నీళ్లు ఆ తర్వాత, గోడకి కింద నుంచి పైకి, పై నుంచి మొదలుపెడితే కారిన చారలు పోవు. కరెంట్ వైర్లు కాలిన చోట మసిలో ఆమ్లం ఉంటుంది, ఫ్రిజ్, ఫ్యాన్, కుళాయిలు తుప్పు పట్టడం రోజుల్లో మొదలవుతుంది, ఇనుము, ఇత్తడి సామాను ముందు తుడవండి. వంటింట్లో గిన్నె మాడి వచ్చిన పొగ గోడ మీద కంటికి సరిగ్గా కనపడదు, వాసన మాత్రం పోదు, అక్కడ నూనె విడిచే సబ్బుతో అల్మారాల లోపలి వైపు, ఫ్యాన్ రెక్కల పైభాగం కూడా తుడవాలి.

స్లాబ్ కింద కాంక్రీట్ గులాబీ రంగుకి తిరిగి ఉంటే, పెచ్చులూడి కమ్మీ కనిపిస్తుంటే పని ఆపేసి అందరినీ బయటికి రమ్మనండి. కాంక్రీట్ సుమారు 300 డిగ్రీలు దాటితే ఆ రంగు వస్తుంది, బలం పోవడం కూడా అక్కడి నుంచే. ఇంజినీర్ చూసేదాకా ఎవరూ కింద నిలబడకూడదు. సిమెంట్ రేకులు పగిలి ఉంటే తడిపి ముక్కలెత్తండి, వాటిల్లో చాలావరకు ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే సన్న నార) ఉంటుంది, కోయొద్దు, ఊడవొద్దు.

ఇంట్లోవాళ్లతో

ఇల్లు మునిగినోళ్లు విసుక్కుంటారు, తిడతారు కూడా, మనసులో పెట్టుకోకండి. 'అన్నా, ఎన్నాళ్లు పడుతుంది' అని అడిగితే రోజులు చెప్పొద్దు, మేడ మీద గది రీడింగ్ చూపించి 'అన్నా, కింద గోడ ఈ అంకెకి వచ్చేదాకా, రోజూ పొద్దున నేను కొలిచి మీకే చూపిస్తా' అనండి, నిజంగా చూపించండి. పెద్దమ్మ ఉంటే ఆమెని కూర్చోబెట్టి ఏ గోడ ముందు నుంచీ నెమ్ముగా ఉండేదో, నీళ్లు ఎంత ఎత్తు నిలబడ్డాయో అడగండి, ఆమెకి తెలిసినంత మీటర్‌కి తెలియదు. గోడ ఇటుకదాకా ఎండడానికి వారాలు పడుతుంది, పండక్కి రంగులేయాలని తొందరపడితే పెయింట్‌కి పొక్కులొస్తాయని రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇన్సూరెన్స్ ఉందేమో మొదటి గంటలోనే అడగండి. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుఫాను, మంట నష్టాలు ఉంటాయి, బ్యాంక్ లోన్ తీసుకున్న చాలామందికి పాలసీ ఉన్న సంగతే గుర్తుండదు. సర్వేయర్ చూడకముందు సామాను లారీకెత్తేయకండి. కుళ్లిపోయేది ఆపలేం కాబట్టి, నీటి గీత కనిపించేట్టు, టేపు పెట్టి ఎత్తు తెలిసేట్టు, వస్తువు మోడల్ నంబర్ కనిపించేట్టు ఫోటోలు తీసి అప్పుడు తీయండి.

చివరిగా మీ ఒళ్లు. గంబూట్లు, గ్లోవ్స్ ఉక్కగా ఉన్నా తీయొద్దు, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే పనిలో చేరే ముందే వేయించుకోండి. వరద నీళ్లల్లో ఎలుకల మూత్రం కలుస్తుంది, కాలి పగుళ్లలోంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, మామూలుగా వారం రెండు వారాలకి, ఒక్కోసారి నెలకి కూడా బయటపడుతుంది. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం ఉంటే మెడికల్ షాపులో మాత్ర అడిగి ఊరుకోకుండా ఆసుపత్రికి పోయి 'నేను వరద ఇళ్లల్లో పనిచేశాను' అని డాక్టర్‌కి ముందే చెప్పండి, ఆ ఒక్క మాట చెప్పకపోతే మామూలు జ్వరం కిందే చూస్తారు.